పక్కటెముకల దెబ్బ: ఇంట్లో విశ్రాంతా, కట్టా, ఎక్స్‌రేనా, పెద్దాసుపత్రా?

తిరుపతి, చిత్తూరు ప్రాంతాలలో ఎవరికైనా పక్కటెముకలకు దెబ్బ తగిలిందంటే ఇంట్లో జరిగే చర్చ దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. ఒకరు పుత్తూరు తీసుకుపోయి కట్టు వేయిద్దామంటారు. ఇంకొకరు ముందు ఎక్స్‌రే ఫిల్ము తీయించాలంటారు. మరొకరు ఆలస్యం చేయకుండా తిరుపతిలోని పెద్దాసుపత్రులైన రుయాకో స్విమ్స్‌కో వెళ్లాలంటారు. దెబ్బ తగిలిన మనిషి మాత్రం ఒక పక్కను అరచేత్తో అదిమి పట్టుకుని, రెండు రోజులు పడుకుంటే అదే తగ్గిపోతుందంటారు. వీటిలో మూడు మార్గాలు ఒక్కో పరిస్థితిలో సరైనవే. నాలుగోదైన కట్టు విషయంలో నాకు గట్టి అభ్యంతరం ఉంది, దానికి కారణం కూడా వివరంగా చెబుతాను.

మా మేనమామ పాకాల దగ్గర తోటలో మామిడికాయలు కోస్తూ నిచ్చెన మీది నుంచి జారి పడ్డారు. అప్పటికి ఆయన వయసు 68 ఏళ్లు. ఊళ్లో తెలిసినవారొకరు ఛాతీ చుట్టూ తువ్వాలు బిగించి కట్టారు. నొప్పి నిజంగానే తగ్గింది, ఇంటిల్లిపాదికీ ధైర్యం వచ్చింది. ఆరో రోజుకు జ్వరం, పచ్చటి కఫం వచ్చాయి, మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవలసిన స్థితి ఏర్పడింది. ఆసుపత్రిలో తీసిన ఎక్స్‌రేలో రెండు ఎముకలు విరిగినట్టు కనిపించింది గానీ, ఆయనను పదకొండు రోజులు మంచాన పడేసింది ఆ రెండు ఎముకలు కావు, ఊపిరితిత్తి అడుగున పట్టిన నిమోనియా. అప్పటి నుంచి పక్కటెముకల దెబ్బ గురించి ఎవరు అడిగినా, “విరిగిందా, లేదా?” అన్నది రెండో ప్రశ్న అనీ, “ఊపిరి నిండుగా తీసుకోగలుగుతున్నారా?” అన్నదే మొదటి ప్రశ్న అనీ చెబుతున్నాను.

## ఎంచుకునే ముందు చూడవలసినవి

మనకు పన్నెండు జతల పక్కటెముకలున్నాయి. ఇవి ఊపిరితిత్తులను, గుండెను కాపాడే గూడు మాత్రమే కాదు, ప్రతి శ్వాసకూ పైకి లేచి కిందికి దిగే యంత్రం కూడా. దెబ్బ తగిలితే ఆ కదలికే నొప్పిగా మారుతుంది కాబట్టి మనిషి తనకు తెలియకుండానే పైపైన ఊపిరి పీలుస్తాడు, దగ్గు వస్తే ఆపుకుంటాడు. అలా రోజులు గడిస్తే ఊపిరితిత్తి అడుగుభాగం సరిగా విచ్చుకోదు, కఫం అక్కడే నిలుస్తుంది, నిలిచిన కఫంలో క్రిములు పెరుగుతాయి. ఏ మార్గం ఎంచుకోవాలో తేల్చేటప్పుడు ఈ గొలుసును ఎక్కడ తెంచగలమన్నదే చూడాలి.

అందుకు మొదటి కొలమానం శ్వాస. ఒక పూర్తి వాక్యాన్ని ఆగకుండా చెప్పగలుగుతున్నారా, గట్టిగా ఒకసారి దగ్గగలుగుతున్నారా అని గమనించండి. కరోనా రోజుల్లో కొన్న వేలి ఆక్సిజన్ మీటరు ఇంట్లో ఉంటే పెట్టి చూడండి. మొదటి నుంచీ ఊపిరితిత్తుల జబ్బు లేని మనిషికి అది 94 కంటే తక్కువ చూపితే ఇంటి వైద్యం గురించిన చర్చ అక్కడితో ముగిసినట్టే.

రెండోది దెబ్బ బలం. స్నానాల గదిలో జారి తొట్టి అంచుకు తగలడం వేరు, ఘాట్ రోడ్డులో బండి పిట్టగోడకు కొట్టుకోవడం వేరు, సంక్రాంతి పశువుల పండుగలో కోడె కొమ్ముతో ఎత్తి పడేయడం వేరు. రెండు నిలువుల ఎత్తు నుంచి పడినా, వాహన ప్రమాదమైనా, పశువు కుమ్మినా, పైకి ఎంత బాగున్నట్టు కనిపించినా ఆసుపత్రిలో చూపించుకోవలసిందే.

మూడోది దెబ్బ తగిలిన చోటు, దీన్ని చాలామంది పట్టించుకోరు. సాధారణంగా విరిగేవి నాలుగు నుంచి తొమ్మిది వరకు ఉండే నడిమి ఎముకలు. మెడ కింద అడ్డంగా ఉండే కాలర్ ఎముక కింద దాగిన మొదటి రెండూ విరగాలంటే చాలా బలమైన దెబ్బ కావాలి కాబట్టి, అవి విరిగాయంటే పక్కనున్న పెద్ద రక్తనాళాలను కూడా వైద్యులు అనుమానిస్తారు. కింది ఎముకల వెనుక కుడివైపు కాలేయం, ఎడమవైపు ప్లీహం, వీపు వైపు మూత్రపిండాలు ఉంటాయి. ద్విచక్ర వాహనం హ్యాండిల్ ఎడమ పక్క కింద గుచ్చుకున్న వ్యక్తికి పక్కటెముక నొప్పి అనుకున్నది లోపల ప్లీహం నుంచి కారుతున్న రక్తం కావచ్చు. కడుపు గట్టిపడటం, ఎడమ భుజం పైన కారణం లేని నొప్పి, కళ్లు తిరగడం, మూత్రం ఎర్రగా రావడం అందుకు గుర్తులు. ఇవి దెబ్బ తగిలిన రోజే కాక కొన్ని రోజుల తరువాత కూడా కనిపించవచ్చు.

నాలుగోది మనిషి వయసు, పాత జబ్బులు. అరవై ఐదేళ్లు దాటినవారి పక్కటెముకల దెబ్బలపై 2000లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనం, విరిగిన ఎముక ఒక్కొక్కటి పెరిగే కొద్దీ మరణం ముప్పు 19 శాతం చొప్పున, నిమోనియా ముప్పు 27 శాతం చొప్పున పెరుగుతున్నట్టు చూపింది. ముప్పై ఏళ్ల యువకుడు నెల రోజులు మూలిగి మరిచిపోయే దెబ్బ ఇంట్లో తాతగారిని ఐసీయూ దాకా తీసుకుపోగలదు. ఆస్తమా ఉన్నవారు, బీడీ సిగరెట్లు తాగేవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు కూడా ఈ లెక్కలోకే వస్తారు.

## కమిలిందా, విరిగిందా, అసలు ఎముకదేనా?

ఎముక మీది కండరం కమిలినా, ముందువైపు రొమ్ము ఎముకకు కలిపే మృదులాస్థి బెణికినా, ఎముకే చిట్లినా పైకి కనిపించే బాధ ఒక్కటే. ఊపిరి పీల్చినప్పుడు, దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, మంచం మీద పక్కకు తిరిగినప్పుడు పోటు వస్తుంది. వేలితో నొక్కితే ఒకే ఒక్క చోట ప్రాణం పోయినట్టుండటం, దెబ్బ తగిలినప్పుడు టప్పుమన్న శబ్దం వినిపించడం, దగ్గితే లోపల ఎముక ఎముకకు రాసుకున్నట్టు అనిపించడం విరుపును సూచిస్తాయి. అయితే ఒకటి రెండు ఎముకలు చిట్లినా, కేవలం కమిలినా చికిత్స దాదాపు ఒకటే కాబట్టి ఆ తేడా తేల్చుకోవడానికే ఊరూరా తిరగనక్కరలేదు. తేడా ప్రధానంగా కాలంలో ఉంటుంది. కమిలిన గాయం కొన్ని వారాల్లో నెమ్మదిస్తే, విరిగిన ఎముక అతుక్కోవడానికి సుమారు ఆరు వారాలు, నొప్పి పూర్తిగా పోవడానికి ఒక్కోసారి పన్నెండు వారాలు పడుతుంది.

దెబ్బే తగలకుండా ఛాతీలో నొప్పి వస్తే మాత్రం పక్కటెముక అనుకుని ఊరుకోకూడదు. ఛాతీ మధ్యలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు ఉంటే అది గుండెపోటు అనుకునే వెళ్లాలి, ఈసీజీ తీయించాలి. ఒక పక్కన పట్టీలాగా మంట పుట్టి రెండు మూడు రోజులకు పొక్కులు లేస్తే అది మన వైపు అక్కి అని పిలిచే జబ్బు, దానికి మందు త్వరగా మొదలుపెడితేనే ఎక్కువ ఫలితం ఉంటుంది. ఎముకలు గుల్లబారిన పెద్దవారిలో వారాల తరబడి వచ్చే బలమైన దగ్గుకే పక్కటెముక చిట్లడమూ ఉంది.

## నాలుగు మార్గాలు పక్కపక్కన

| మార్గం | శ్వాసకు చేసే మేలు | బయటపెట్టగలిగేది | ఎవరికి సరిపోతుంది | ఎవరికి సరిపోదు |
|---|---|---|---|---|
| ఇంట్లో నొప్పి మాత్రలు, శ్వాస వ్యాయామం | బాగా చేస్తే ఎక్కువ | ఏమీ లేదు | చిన్న దెబ్బ, ఆయాసం లేని యువకులు, నడివయసువారు | వృద్ధులు, పెద్ద ప్రమాదాలు, కింది పక్కల దెబ్బ |
| ఛాతీ చుట్టూ కట్టు | కీడే ఎక్కువ | ఏమీ లేదు | ఎవరికీ కాదు | అందరికీ |
| దగ్గరి క్లినిక్కు, ఎక్స్‌రే | నేరుగా లేదు | ఊపిరితిత్తి ముడుచుకోవడం, రక్తం చేరడం, నిమోనియా, కొన్ని విరుపులు | నొప్పి ఎక్కువగా ఉన్నా ఊపిరి బాగానే ఆడుతున్నవారు | ఆయాసంతో ఉన్నవారు (సమయం వృథా) |
| అత్యవసర విభాగం ఉన్న పెద్దాసుపత్రి | చాలా ఎక్కువ | దాదాపు అన్నీ | ఆయాసం, పెద్ద ప్రమాదం, మూడు అంతకన్నా ఎక్కువ విరుపులు, వృద్ధులు | చిన్న కమిలిన దెబ్బ (ఖర్చు, నిరీక్షణ) |

## ఇంట్లో ఉండి తగ్గించుకోవడం

ఇది తేలిక మార్గమని చాలామంది అనుకుంటారు గానీ, సరిగా చేయాలంటే చాలా శ్రద్ధ కావాలి. విశ్రాంతి అంటే వెల్లకిలా పడుకుని కదలకుండా ఉండటమే అన్న అభిప్రాయం ఇక్కడ పనికిరాదు. గంటకొకసారి, మెలకువగా ఉన్నంతసేపు, నెమ్మదిగా పది నిండు శ్వాసలు తీసుకోవాలి, ఆ తరువాత దిండును నొప్పి ఉన్న పక్కకు గట్టిగా అదుముకుని ఒకటి రెండుసార్లు దగ్గాలి. దిండు అదిమితే దగ్గు వల్ల వచ్చే పోటు సగానికి సగం తగ్గినట్టుంటుంది. మందుల దుకాణాల్లో దొరికే మూడు బంతుల పరికరం ఇందుకు మంచి తోడు. అయితే దాన్ని ఊదకూడదు, గొట్టం నోట్లో పెట్టుకుని లోపలికి పీలుస్తూ బంతులను పైకి లేపాలి. మా ఇంట్లోనే రెండు రోజులు ఊదిన తరువాత గానీ ఆ సంగతి తెలియలేదు.

ఈ వ్యాయామం నొప్పితో చేయలేరు కాబట్టి నొప్పి మాత్ర వేసుకోవడాన్ని బలహీనతగా చూడవద్దు. “ఓర్చుకోగలను, మాత్రలు వద్దు” అనే మన పెద్దల పట్టుదల ఈ ఒక్క జబ్బులో హాని చేస్తుంది. కాలేయం జబ్బు లేని పెద్దవారు 650 మిల్లీగ్రాముల పారాసెటమాల్‌ను ఆరు గంటలకొకటి చొప్పున, నొప్పి పెరిగేదాకా ఆగకుండా, వేళ ప్రకారం వేసుకోవచ్చు. ఐబుప్రోఫెన్ వంటివి మరింత బాగా పనిచేస్తాయి గానీ కిడ్నీ జబ్బు, కడుపులో పుండు, గుండె జబ్బు ఉన్నవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు వైద్యుడిని అడగకుండా వాటి జోలికి పోకూడదు. మొదటి రెండు రోజులు గుడ్డలో చుట్టిన మంచుగడ్డను ఇరవై నిమిషాల చొప్పున రోజుకు కొన్నిసార్లు పెట్టవచ్చు, తరువాత వేడి కాపడం హాయినిస్తుంది. నూనె పోసి మర్దన చేయించవద్దు. చిట్లిన ఎముక అంచును బలంగా రుద్దితే అది ఎటు జరుగుతుందో చెప్పలేము.

రాత్రిళ్లు వీపు వెనుక దిండ్లు పేర్చుకుని సగం కూర్చున్నట్టు పడుకోవడం మేలు. వింతగా అనిపించినా, కొందరికి దెబ్బ తగిలిన వైపుకే తిరిగి పడుకుంటే రెండో ఊపిరితిత్తి నిండుగా విచ్చుకుని సుఖంగా ఉంటుంది. ఇంట్లో నడుస్తూ ఉండాలి, పొగ పూర్తిగా మానాలి.

ఈ మార్గానికి ఒక గడువు పెట్టుకోవాలి. మూడో రోజుకు నొప్పి పెరుగుతున్నా, నిండు శ్వాస తీసుకోలేకపోతున్నా, జ్వరం గానీ పచ్చటి లేదా రక్తం కలిసిన కఫం గానీ వచ్చినా మార్గం మార్చవలసిందే.

## కట్టు గురించి

పుత్తూరు పక్కన రాచపాలెంలో తరతరాలుగా వేస్తున్న కట్టుకు రాయలసీమలోనే కాదు, తమిళనాడులోనూ పేరుంది. ఆకు మందు, గుడ్డు సొన, వెదురు బద్దలు, గుడ్డ వాడి చేతికో కాలికో కట్టే ఆ పద్ధతిలోని సూత్రం అర్థం కానిదేమీ కాదు. విరిగిన ఎముకను కదలకుండా ఉంచితే ప్రకృతే దాన్ని అతుకుతుంది, సిమెంటు కట్టు సూత్రమూ అదే. మా ఇంట్లోనూ చేయి బెణికి అక్కడికి వెళ్లి వచ్చినవారున్నారు, ఆ విద్య మీద నాకు చిన్నచూపు లేదు.

పక్కటెముకకు ఆ సూత్రం వర్తించదు. నిమిషానికి పదిహేను శ్వాసల చొప్పున రోజుకు 21,600 సార్లు ఈ ఎముకలు కదులుతాయి, మన యోగశాస్త్రం చెప్పే శ్వాసల లెక్కా అదే. చేతిని ఆరు వారాలు కదలకుండా ఉంచవచ్చు, ఛాతీని ఆరు నిమిషాలు కూడా ఉంచలేము. బిగించి కడితే ఎముక ఎలాగూ నిలకడగా ఉండదు, శ్వాస మాత్రం చిన్నదవుతుంది. ఒకప్పుడు ఆసుపత్రుల్లో కూడా ఛాతీకి వెడల్పాటి పట్టీలు అంటించేవారు, నిమోనియా పెరుగుతోందని గ్రహించి ఆ అలవాటును వదిలేశారు. పైగా ఒకటి రెండు పక్కటెముకలు ఏ కట్టూ లేకుండానే అతుక్కుంటాయి, ఎందుకంటే చుట్టూ ఉన్న కండరాలూ పక్కనున్న ఎముకలే వాటికి బద్దల్లాగా పనిచేస్తాయి. కట్టు వేసుకున్న తరువాత తగ్గిందని చెప్పేవారిలో చాలామంది కట్టు లేకపోయినా తగ్గేవారే.

నడుముకు పెట్టుకునే బెల్టు, సాగే గుడ్డ పట్టీ, చీర మడత, అన్నింటికీ ఇదే మాట వర్తిస్తుంది. కట్టిన గంటలో కలిగే ఉపశమనమే ఇక్కడ ప్రమాదకరమైన ఆకర్షణ. అదే ఉపశమనాన్ని దగ్గేటప్పుడు మాత్రం అదుముకునే దిండు ఇస్తుంది, మిగతా సమయంలో ఛాతీని స్వేచ్ఛగా వదిలేస్తుంది.

## ఎక్స్‌రే, స్కానింగ్

ఎక్స్‌రే తీయించి “ఏమీ లేదన్నారు” అని సంతోషంగా వచ్చి, నెల తరువాత కూడా నొప్పి ఉంటే వైద్యుడిని తప్పుపట్టేవారిని చూస్తుంటాం. మామూలు ఛాతీ ఎక్స్‌రేలో చిట్లిన పక్కటెముకల్లో దాదాపు సగం కనిపించకపోవచ్చు, మృదులాస్థి గాయం అసలే కనిపించదు. అయినా ఎక్స్‌రే వృథా కాదు. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి అది ముడుచుకుందా, రక్తం చేరిందా, నిమోనియా మొదలైందా అన్నవి అందులో తెలుస్తాయి, చికిత్సను మార్చే సంగతులు కూడా అవే. దానికి రేడియేషన్ తక్కువ, ఖర్చూ తక్కువ.

సీటీ స్కాన్ ఎముకలనూ లోపలి అవయవాలనూ స్పష్టంగా చూపుతుంది గానీ, ఎక్స్‌రేతో పోలిస్తే రేడియేషన్ ఎన్నో పదుల రెట్లు ఎక్కువ. పెద్ద ప్రమాదంలో, వృద్ధుల్లో, కడుపు నొప్పి కూడా ఉన్నవారిలో అది అవసరం. కాలు జారి పడి, ఊపిరి చక్కగా ఆడుతున్న పాతికేళ్ల మనిషికి కేవలం ఎన్ని ఎముకలు విరిగాయో లెక్కపెట్టడానికి సీటీ తీయించడం నా దృష్టిలో అనవసరం. గర్భిణులు ఏ పరీక్షకు ముందైనా ఆ సంగతి చెప్పాలి.

## పెద్దాసుపత్రి

ఆయాసం, పెదవులు నీలంగా మారడం, దగ్గులో రక్తం, ఛాతీలో ఒక ముక్క మిగతా భాగానికి ఎదురుగా కదలడం, అంటే ఊపిరి పీల్చినప్పుడు అది లోపలికి పోవడం, చర్మం మీద నొక్కితే కింద బొరుగులు నలిగినట్టు కరకరలాడటం, వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయాలి. వరుసగా మూడు అంతకన్నా ఎక్కువ ఎముకలు ఒక్కొక్కటి రెండేసి చోట్ల విరిగినప్పుడు ఆ ఎదురు కదలిక వస్తుంది, అది ప్రాణం మీదికి వచ్చే స్థితి.

తిరుపతిలో ఎస్వీ వైద్య కళాశాలకు అనుబంధమైన రుయా ఆసుపత్రి, 1993లో మొదలైన స్విమ్స్ దగ్గరదగ్గరగానే ఉన్నాయి. బర్డ్ ఆసుపత్రి ఎముకల చికిత్సకు పేరున్నదే అయినా, పక్కటెముకల ప్రమాదంలో అసలు సమస్య ఊపిరితిత్తిది కాబట్టి అత్యవసర విభాగం, ఛాతీ శస్త్రచికిత్స ఉన్న చోటికే ముందు వెళ్లాలని నా సలహా. చిత్తూరు వైపు వారు జిల్లా ఆసుపత్రికి వెళ్లవచ్చు, చాలామంది చూపు వేలూరు సీఎంసీ వైపూ ఉంటుంది. పేరున్న చోటికే వెళ్లాలన్న పట్టుదలతో ఆయాసపడుతున్న మనిషిని కారులో గంటసేపు తిప్పడం మాత్రం తగదు. ఊపిరితిత్తి చుట్టూ ఒత్తిడితో గాలి చేరితే నిమిషాలు లెక్కలోకి వస్తాయి. ముందు దగ్గరి ఆసుపత్రిలో ఆ గాలిని బయటికి తీసే గొట్టం వేయించి, నిలకడ వచ్చాక తరలించడమే సరైన క్రమం.

అక్కడ ఇంట్లో దొరకనివి దొరుకుతాయి. ఆక్సిజన్, బలమైన నొప్పి మందులు, అవి చాలకపోతే పక్కటెముక నరం దగ్గరో వెన్ను దగ్గరో ఇచ్చే మత్తు సూది, శ్వాస వ్యాయామం చేయించే ఫిజియోథెరపిస్టు, వీటితో వృద్ధులకు ఎంతో తేడా వస్తుంది. టైటానియం పలకలతో ఎముకలను బిగించే శస్త్రచికిత్స కొద్దిమందికే అవసరం. ఎదురు కదలిక ఉన్నవారికి, ఎముకలు బాగా పక్కకు జరిగినవారికి దాన్ని మొదటి రెండు మూడు రోజుల్లో చేస్తే ఎక్కువ ప్రయోజనం.

## ఎవరు ఎటు?

అరవై ఐదు దాటినవారికి నా ఎంపిక ఒక్కటే. దెబ్బ చిన్నదైనా ఆ రోజే ఎక్స్‌రే తీయించండి, రెండు అంతకన్నా ఎక్కువ విరుపులు కనిపిస్తే ఒకటి రెండు రోజులైనా ఆసుపత్రిలో ఉంచండి. ఇంట్లో చూసుకోవడానికి మనిషి లేకపోతే ఈ మాట ఇంకా గట్టిగా చెబుతాను.

పిల్లల ఎముకలు వంగుతాయి, అంత తేలికగా విరగవు. అందువల్ల ఎముక బాగానే ఉండి లోపల ఊపిరితిత్తి నలగవచ్చు, ఎముకే విరిగిందంటే దెబ్బ చాలా బలమైనదని అర్థం. రెండు సందర్భాల్లోనూ వైద్యుడు చూడవలసిందే.

పాడి రైతులకు ఆవు తన్నిన దెబ్బ కొత్త కాదు, తెల్లవారి పాలు పితకక తప్పదన్న సంగతీ నాకు తెలుసు. ఊపిరి బాగుంటే తేలిక పనులు చేసుకోవచ్చు గానీ, పాల క్యాను ఎత్తడం, గడ్డిమోపు మోయడం మూడు నుంచి ఆరు వారాలు ఇంకొకరికి అప్పగించాలి.

కొండకు నడిచి వెళుతూ మెట్ల మీద జారి పడినవారు మొక్కు మధ్యలో ఆగిపోతుందని దెబ్బను దాచుకుని ఎక్కుతుంటారు. నిండు శ్వాస తీసుకోలేని మనిషి మోకాళ్ల పర్వతం ఎక్కకూడదు, అక్కడే ఆగి సిబ్బందికి చెప్పాలి. తిరుమల చేరిన తరువాత నొప్పి తెలిస్తే అశ్విని ఆసుపత్రి ఉంది. ఊపిరితిత్తి ముడుచుకుందని తేలితే, వైద్యుడు సరేననేవరకు రేణిగుంటలో విమానం ఎక్కవద్దు. మళ్లీ ఎప్పుడు నడవవచ్చని అడిగితే, ఆరు వారాలు దాటి, మాత్ర లేకుండా గట్టిగా దగ్గగలిగి, ఇంటి మేడమెట్లు ఆయాసం లేకుండా పదిసార్లు ఎక్కి దిగగలిగినప్పుడు ముందు 2,388 మెట్ల శ్రీవారి మెట్టు దారిని ఎంచుకోమని, 3,550 మెట్ల అలిపిరి దారిని ఆ తరువాతి మొక్కుకు ఉంచుకోమని చెబుతాను.